వేడి సంగతి వేరు, రీస్టార్ట్ సంగతి వేరు

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఖమ్మం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. రెండేళ్ల కిందట సికింద్రాబాద్ సీటీసీలో పార్టులన్నీ కొనుక్కొచ్చి కంప్యూటర్ సొంతంగా అసెంబుల్ చేసుకున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాని పెట్టెలో వచ్చిన ఫ్యానే, బీ550 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 600 వీఏ యూపీఎస్ మీద నడుస్తుంది. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ నుంచి రెండర్ పెడితే ప్రాసెసర్ 90 డిగ్రీలకు పోతోంది, మధ్యలో ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ ఏమీ చూపించదు. ఒక్కోసారి ఊరికే బ్రౌజర్ తెరిచి ఉన్నా అవుతోంది. సాయంత్రాలు ఎక్కువ. షాపులో చూపిస్తే వేడికి మదర్‌బోర్డు పోయింది, మార్చాలి అన్నారు. మార్చేయమంటారా? నాలుగు పెళ్లిళ్ల పని పెండింగ్‌లో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. చెప్పడం మరిచాను, ముందు 8+8 ర్యామ్ ఉండేది, మార్చిలో వేరే కంపెనీది ఇంకో 8+8 కలిపాను.

– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మదర్‌బోర్డు ఇప్పుడే మార్చకండి. అది పోయిందనడానికి మీరు రాసినదాంట్లో నాకు ఆధారమేమీ కనబడలేదు. నిజంగానే పోయి ఉండొచ్చు, కాదనను. కానీ అనుమానించాల్సిన వాటిల్లో దాని వంతు ఆఖరున వస్తుంది. అంతకన్నా ముందు రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి. వాటి జాడలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు ఫుటేజ్. నాలుగు పెళ్లిళ్ల వీడియోలూ ఈ కంప్యూటర్‌లోనే ఉంటే, ఈ రాత్రే బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకేసి బీరువాలో పెట్టండి. డిస్క్ మీద రాస్తున్నప్పుడు కరెంటు తెగితే ఆ ఒక్క ఫైలే కాదు, ఒక్కోసారి ప్రాజెక్టు మొత్తం తెరుచుకోదు. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయకపోతే అలాగే ఉంచండి. కింద చెప్పబోయే పరీక్షల్లో కంప్యూటర్‌ను కావాలనే ఇబ్బంది పెడతాం, అది మళ్లీ మళ్లీ రీస్టార్ట్ కావొచ్చు. తలంబ్రాలు మళ్లీ పోయించి షూట్ చేయలేం కదా, కాబట్టి ఈ పని అయ్యాకే మిగతాది మొదలుపెట్టండి.

ఇక అసలు సంగతి. మీరూ షాపువాళ్లూ వేడినీ రీస్టార్ట్‌నూ ఒకే గాటన కట్టేశారు. వాటిని విడదీస్తే గానీ దారి దొరకదు. రైజెన్ 5 5600కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుని, ఆ గీత దాటకుండా చూసుకుంటుంది. మీకు 90 దగ్గరే ఆగినట్టు కనబడటానికీ, 97 కనబడకపోవటానికీ కారణం అదే. వేగం తగ్గించుకున్నా వేడి ఆగకపోతే, అంటే ఫ్యాన్ పూర్తిగా నిలిచిపోవడం లాంటిది జరిగితే, చివరి రక్షణగా కంప్యూటర్ మొత్తం ఆఫ్ అయిపోతుంది. కాబట్టి వేడి ఎక్కువైతే మీరు ముందు చూసేది నెమ్మదితనం. నలభై నిమిషాల రెండర్, అంటే ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం, గంట పడుతుంది. మరీ ముదిరితే ఆఫ్ అయి ఆఫ్‌లోనే ఉంటుంది. తెర టక్కున నల్లబడి, వెంటనే మళ్లీ మదర్‌బోర్డు లోగో రావడం మాత్రం ఎక్కువసార్లు కరెంటు వల్లో, ర్యామ్ వల్లో, బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు మదర్‌బోర్డు నడిపే ప్రోగ్రామ్‌లో, మార్చిన సెట్టింగుల వల్లో జరుగుతుంది. పైగా బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉన్నప్పుడు మీ ప్రాసెసర్ 50, 55 దగ్గర ఉంటుంది. అప్పుడూ రీస్టార్ట్ అవుతోందంటే ఆ నేరం వేడి మీద వేయలేం.

మీ ఉత్తరంలో నాకు గట్టిగా తగిలిన మాటలు రెండు. ఒకటి, ‘సాయంత్రాలు ఎక్కువ’. రెండోది మీరు చివర్లో మరిచానంటూ రాసిన ర్యామ్ సంగతి. మార్చిలో ర్యామ్ కలిపారు, ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి, రెండూ ఒకేసారి రావడంతో కళ్లన్నీ ఎండ మీదికి పోయాయి.

ముందు ఒక కాగితం కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ టైమ్ రాయండి, అప్పుడు ఏం నడుస్తోందో రాయండి, ఇంట్లో ఏం జరిగిందో కూడా రాయండి: బోరు మోటారు వేశారా, ఏసీ ఆన్ అయ్యిందా, ట్యూబ్‌లైట్ మినుకుమందా, యూపీఎస్ టక్‌మని చప్పుడు చేసిందా, కుయ్‌మందా. ఇదేదో చాదస్తంలా అనిపిస్తుంది గానీ, రెండు మూడు రోజుల్లోనే ఏదో ఒక వరుస బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్లు చెప్పలేని సంగతి ఆ కాగితం చెబుతుంది.

ఇప్పుడు విండోస్ ఏమంటోందో చూద్దాం. బ్లూ స్క్రీన్ రాదని రాశారు. రాకపోవచ్చు, లేదా వచ్చి కళ్లకు అందనంత త్వరగా పోతుండొచ్చు. ఎందుకంటే బ్లూ స్క్రీన్ వచ్చిన వెంటనే దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా విండోస్‌లో ముందే సెట్ చేసి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ పక్కనున్న టిక్ తీసేయండి. ఇకమీదట బ్లూ స్క్రీన్ వస్తే అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరవండి, విండోస్ తనలో జరిగినవి రాసుకునే చోటు అది. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్తే రీస్టార్ట్ అయిన టైమ్ దగ్గర ఎర్రగా ‘కెర్నల్-పవర్ 41’ అని కనబడుతుంది. చాలామంది దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి పార్టులకు కరెంటు అందించే పెట్టె, పోయిందని నిర్ణయించుకుంటారు. అది కారణం కాదు. కిందటిసారి కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాలేదని మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకున్న మాట, అంతే. దాని మీద నొక్కి డీటెయిల్స్‌లో ‘బగ్‌చెక్ కోడ్’ చూడండి. అక్కడ 0 ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట, చాలాసార్లు కరెంటే తెగి ఉంటుంది. 292 ఉంటే హార్డ్‌వేర్ లోపాన్ని ప్రాసెసర్ స్వయంగా పట్టుకుని చెప్పిందని. 26 ఉంటే మెమరీ వ్యవహారం, మీ కొత్త ర్యామ్ మీద అనుమానం రెట్టింపు చేసుకోవచ్చు. అదే జాబితాలో ‘వీయా-లాగర్ 18’ అని, ‘క్యాష్ హైరార్కీ ఎర్రర్’ అనే వివరంతో కనబడితే అది రైజెన్ 5000 వాడేవాళ్లకు బాగా తెలిసిన చిక్కే. ప్రాసెసర్‌కు చాలినంత వోల్టేజి అందని సందర్భాల్లో వస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడూ వస్తుంది.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా వేసుకోండి. ‘సెన్సర్స్ ఓన్లీ’ ఎంచుకుని తెరిస్తే కింద లాగింగ్ బటన్ ఉంటుంది. నొక్కి వదిలేయండి. రెండేసి సెకన్లకు ఒక వరుస చొప్పున ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగం, వోల్టేజీలు ఒక ఫైల్‌లోకి చేరుతుంటాయి. రీస్టార్ట్ అయ్యాక ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి నేరుగా అడుగుకు వెళ్లండి. చివరి వరుసే మీకు కావలసిన సాక్ష్యం. అందులో ప్రాసెసర్ 58, గ్రాఫిక్స్ కార్డు 61 అని ఉండి ఫైల్ అక్కడితో తెగిపోతే, వేడిని ఈ కేసులోంచి తప్పించవచ్చు. ప్రాసెసర్ 90 దగ్గర ఉండి, ఫ్యాన్ వేగం గడిలో 0 ఉంటే కథ వేరు. అందులో కనబడే 12 వోల్టుల అంకెను మాత్రం వేదవాక్కుగా తీసుకోకండి. 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చని ప్రమాణం. కానీ బోర్డు మీది సెన్సర్ తప్పు చూపించడం మామూలే, మల్టీమీటర్‌తో కొలిస్తేనే నమ్మకం.

ఇప్పుడు ర్యామ్. కొత్త రెండు స్టిక్కులూ తీసి పక్కన పెట్టండి. పాత రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. రెండు జతల పెట్టెల మీదా 3200 వేగమని రాసి ఉంటే, కలిసిపోతాయని మీరు అనుకుని ఉంటారు. అయితే రైజెన్ 5000కి ఏఎండీ 3200 వేగం హామీ ఇచ్చేది రెండు స్టిక్కులకే. నాలుగు స్లాట్లూ నింపితే సింగిల్ ర్యాంక్ వాటికి 2933, డ్యుయల్ ర్యాంక్ వాటికి 2667 మాత్రమే (ర్యాంక్ అంటే స్టిక్కు మీద చిప్పుల అమరిక). అంతకన్నా పైన నడిస్తే సంతోషం, నడవకపోతే అడిగే హక్కు లేదు. పైగా మీవి రెండు వేర్వేరు కంపెనీలవి. ర్యామ్ వేడెక్కిన కొద్దీ తప్పులు పెరుగుతాయి కూడా, అందుకే మార్చిలో సర్దుకుపోయిన జత మే నెలలో మొండికేయొచ్చు. ఇంకొకటి గమనించండి. ఈ మధ్య రెండర్ చేసిన వీడియోల్లో ఎక్కడైనా ఒక్క ఫ్రేమ్ పచ్చగానో గళ్లుగళ్లుగానో మెరిసి పోతోందా? కంప్యూటర్ రీస్టార్ట్ కాకుండానే ర్యామ్ ఇలా వీడియోను పాడు చేయగలదు. కస్టమర్ చేతికి వెళ్లాక బయటపడితే మీ పేరు పోతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

పాత రెండింటితో రెండు రోజులు నడిచి రీస్టార్ట్ ఆగిపోతే దొంగ దొరికినట్టే. అప్పుడు నాలుగూ పెట్టి, బయాస్‌లో వేగం 2667కి దించి చూడండి. ఎడిటింగ్‌లో ఆ తేడా మీకు పెద్దగా తెలియదు, 32 జీబీ ఉండటం మాత్రం తెలుస్తుంది. రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపించండి. నాలుగు విడతలు పూర్తవ్వాలి, గంటలు పడుతుంది. ఒక్క తప్పు కనబడినా ఆ సెట్టింగు పనికిరాదు. ఒకటే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు.

బయాస్‌లోకి వెళ్లినప్పుడే ఇంకో పని. సొంతంగా అసెంబుల్ చేసుకున్నానన్నారు కాబట్టి అడుగుతున్నాను. వేడి తగ్గుతుందని, ప్రాసెసర్ వోల్టేజి తగ్గించే ‘కర్వ్ ఆప్టిమైజర్’లో మైనస్ 30 లాంటివి పెట్టారా? అందరి ప్రాసెసర్ అది తట్టుకోదు. తట్టుకోనిది రెండర్‌లో బాగానే నడిచి, ఖాళీగా ఉన్నప్పుడు టక్కున రీస్టార్ట్ అవుతుంది. ఆ వీయా-లాగర్ 18 రాతలు దీనివల్లే ఎక్కువ వస్తాయి. ఏం పెట్టారో గుర్తులేకపోతే ‘లోడ్ డిఫాల్ట్స్’ కొట్టేసి మొదటికి రండి. డిఫాల్ట్స్‌లో కూడా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంటే, ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అనే చోట ‘టిపికల్ కరెంట్ ఐడిల్’ ఎంచుకోండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు మరీ తక్కువ లోడ్‌లో తడబడతాయి, దానికి ఇది విరుగుడు.

ఇక కరెంటు. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. ఒక లెక్క వేద్దాం. మీ ప్రాసెసర్ గరిష్ఠంగా 76 వాట్లు తీసుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డు 170. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 50 వేసుకుంటే దాదాపు 300. ఎస్‌ఎంపీఎస్ అన్ని వాట్లు లోపలికి ఇవ్వాలంటే గోడ నుంచి 350 దాకా లాగుతుంది. మానిటర్‌కు ఇంకో 25, 30. మొత్తం 380 దగ్గర. 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లు, వెనకాల స్టిక్కర్ చూడండి. అంటే గట్టి రెండర్ నడుస్తున్నప్పుడు మీ యూపీఎస్ అప్పటికే అంచున ఉంది. కరెంటు సరిగా ఉన్నంతసేపూ అది గోడ కరెంటునే దాటించేస్తుంది కాబట్టి బయటపడదు. సాయంత్రం ఊరంతా ఏసీలు, కూలర్లు వేశాక వోల్టేజి దిగుతుంది. యూపీఎస్ టక్‌మని బ్యాటరీకి మారుతుంది. రెండేళ్లుగా ఈ ఎండల్లో ఉడికిన బ్యాటరీ 380 వాట్ల బరువును ఒక్కసారిగా ఎత్తుకోవాలి. ఎత్తలేకపోతే ఆ క్షణమే కంప్యూటర్‌కు కరెంటు తెగి రీస్టార్ట్ అవుతుంది. మీ ‘సాయంత్రాలు ఎక్కువ’కి నేను ఊహిస్తున్న కారణం ఇదే. బ్రౌజర్ ఒక్కటే ఉన్నప్పుడు కూడా, బ్యాటరీ పూర్తిగా పాడైతే అంతే.

దీన్ని తేల్చడం సులువు. బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉంచి, యూపీఎస్ ప్లగ్ స్విచ్ ఆపండి. కాసేపైనా నిలబడాలి. వెంటనే పడిపోతే బ్యాటరీ అయిపోయింది, ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. నిలబడితే రెండు సాయంత్రాలు యూపీఎస్‌ను పక్కన పెట్టి కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి నడపండి. మంచి ఎస్‌ఎంపీఎస్‌లు వోల్టేజి బాగా దిగినా తట్టుకుంటాయి, యూపీఎస్ భయపడి బ్యాటరీకి మారే చోట కూడా అవి నిమ్మళంగా నడుస్తాయి. యూపీఎస్ తీసేస్తే రీస్టార్ట్ ఆగిపోయిందంటే, పెద్ద యూపీఎస్ కొనాలి, కనీసం 1000 వీఏది. మీ పనికి యూపీఎస్ లేకుండా ఉండటం మాత్రం నేను ఒప్పుకోను. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టుకున్న వాళ్లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. కరెంటు తెగాక ఎస్‌ఎంపీఎస్ నిలబడగలిగేది మిల్లీసెకన్లలోనే, ప్రమాణం ప్రకారం సుమారు 16. ఇన్వర్టర్ వెనక ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉంటే అది వేసి ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో అది మారేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

సాకెట్‌ను కూడా వదలొద్దు. గంటసేపు రెండర్ నడిచాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే లోపల కాంటాక్ట్ వదులైంది. ఎస్‌ఎంపీఎస్ వెనక గుచ్చే కేబుల్‌ను కొద్దిగా కదిపితే వదులుగా ఆడుతుంటే ఆ కేబుల్ మార్చండి, వంద రెండు వందల పని. చెప్పులు లేకుండా క్యాబినెట్ ఇనుము తాకితే జివ్వుమంటోందా? అంటే ఎర్త్ అందడం లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి పోవడానికి దారి లేక క్యాబినెట్ మీద నిలబడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎండాకాలం ఎర్త్ గొయ్యి ఎండిపోయి కూడా ఇలా అవుతుంది. మీ ఇంటి వెనక ఆ గొయ్యి ఎక్కడుందో కనుక్కుని రెండు బిందెల నీళ్లు పోయండి. పెద్దవాళ్లు ప్రతి వేసవిలో చేసే పనే అది.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్. 550 అనే అంకె మీ కంప్యూటర్‌కు చాలు, 3060కి ఎన్విడియా అడిగేదీ 550 వాట్లే. కానీ పెట్టె మీది అంకె కాదు, పక్కనున్న స్టిక్కర్ చదవండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 45 ఉంటే 540 వాట్లు, మంచిదే. 30 ఉంటే 360, దాన్ని 550 అని అమ్మడమే అన్యాయం, మీ సమస్య అదే కావొచ్చు కూడా. గ్రాఫిక్స్ కార్డులు సెకనులో వెయ్యో వంతు సేపు తమ అంకె కన్నా చాలా ఎక్కువ లాగుతాయి, నాసిరకంవి అక్కడే చేతులెత్తేస్తాయి. మీ కార్డుకు రెండు పవర్ సాకెట్లు ఉంటే ఒకే కేబుల్‌కు ఉన్న రెండు తలలు గుచ్చకండి, రెండు వేర్వేరు కేబుళ్లు వాడండి. స్నేహితుడి దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే రెండు రోజులకు అడిగి తెచ్చుకోవడం అన్నిటికన్నా తిరుగులేని పరీక్ష. కానీ ఒక్క జాగ్రత్త. దాని కేబుళ్లు దానికే వాడాలి. మీ పాత కేబుళ్లు అందులో పట్టినా సరే గుచ్చొద్దు, లోపలి పిన్నుల వరుస వేరుగా ఉంటే డిస్కులు కాలిపోతాయి. మీ ఎస్‌ఎంపీఎస్‌ను తెరిచి చూద్దామని మాత్రం అస్సలు అనుకోవద్దు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లో మూడు వందల వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు, ప్రాణాంతకం.

ఇప్పుడు వేడి దగ్గరికి వద్దాం. అది రీస్టార్ట్‌కు కారణం కాకపోయినా వదిలేయాల్సింది కాదు. ఖమ్మం ఎండల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్రాసెసర్ మీది కూలర్, అంటే ఆ ఫ్యానూ దాని కింది లోహపు రేకులూ, చేయగలిగింది గది కన్నా ఇంత ఎక్కువ దగ్గర ఆపడమే, గదిని దాటి చల్లబరచలేదు. డిసెంబరులో గది 25 ఉన్నప్పుడు రెండర్‌లో 75 చూపించిందనుకోండి, గది కన్నా 50 ఎక్కువ. మే నెలలో గది 39 ఉంటే అదే కూలర్, అదే దుమ్ముతో 89. అంటే మీరు చూస్తున్న 90లో కొంత భాగం ఎండాకాలమే, కంప్యూటర్‌లో ఏమీ మారలేదు. వేడికే మదర్‌బోర్డు పోయిందన్న మాట మీద నాకు నమ్మకం కుదరనిది ఇందుకే.

లోపం ఎక్కడుందో వేడి ఎక్కే తీరు చెబుతుంది. రెండర్ పెట్టిన అయిదారు సెకన్లలోనే 90కి దూకితే కూలర్ ప్రాసెసర్‌ను సరిగా తాకడం లేదు, రెండింటి మధ్య వేడిని దాటించే పేస్ట్ ఎండిపోయింది లేదా స్క్రూ వదులైంది. పది పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కితే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. నిర్ధారణకు పక్క తలుపు తీసి అదే రెండర్ మళ్లీ పెట్టండి. పది డిగ్రీలు తగ్గితే గాలి సమస్యే. క్యాబినెట్ ముందువైపు దుమ్ము ఆపే జల్లెడ శుభ్రం చేయండి, ముందువైపు ఫ్యాన్ గాలి లోపలికి, వెనక ఫ్యాన్ బయటికి తోస్తున్నాయో లేదో చూడండి. ఫ్యాన్‌కు ప్లాస్టిక్ కమ్మీలు ఉన్న వైపు గాలి బయటికి వస్తుంది. కంప్యూటర్ టేబుల్ అరలో ఇరికించి ఉంటే బయటికి లాగండి. ఎయిర్ కూలర్ గదిలో ఉండటం మంచిదే, కానీ దాని తడిగాలి నేరుగా క్యాబినెట్ మీదికి పెట్టొద్దు, దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య అట్టకట్టుకుపోతుంది. దుమ్ము దులపడానికి మెత్తటి పెయింట్ బ్రష్, బ్లోయర్ చాలు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పేస్ట్ మార్చాల్సి వస్తే కూలర్ తీసేటప్పుడు చాలా జాగ్రత్త. మీ ప్రాసెసర్‌కు పిన్నులు కింద ఉంటాయి. ఎండిన పేస్ట్ బంకలా పట్టేసి, కూలర్‌ను నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. కాబట్టి ముందు పది నిమిషాలు ఏదైనా రెండర్ నడిపి వేడెక్కించండి. ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, నాలుగు స్క్రూలూ ఎదురెదురువి కొద్దికొద్దిగా వదులు చేయండి. కూలర్‌ను అటూ ఇటూ మెలితిప్పుతూ ఉంటే పట్టు వదులుతుంది, అప్పుడు ఎత్తండి. పాత పేస్ట్‌ను మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవంతో తుడిచేసి, మధ్యలో శనగగింజంత కొత్త పేస్ట్ పెట్టి, స్క్రూలు మళ్లీ అదే పద్ధతిలో బిగించండి. ఫ్యాన్ వైరు బోర్డు మీద ‘సీపీయూ ఫ్యాన్’ అని ఉన్న చోటే ఉండాలి. ఇవన్నీ చేశాక కూడా వేసవిలో 85 పైనే ఉంటే, పెట్టెలో వచ్చిన ఆ చిన్న కూలర్ మీ పనికి చాలడం లేదు. రెండు వేల రూపాయల చుట్టుపక్కల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ దొరుకుతుంది, కొనేముందు మీ క్యాబినెట్‌లో ఎత్తు పడుతుందో లేదో కొలుచుకోండి. మీరు నిజంగా డబ్బు పెట్టాల్సిన చోటు ఇదీ, ఆ యూపీఎస్సూ.

అప్పటికీ తేలకపోతే ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌తో విడివిడిగా బరువు పెట్టండి. ముందు ప్రాసెసర్ ఒక్కటే అరగంట, తర్వాత గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పావుగంట, ఆ తర్వాత రెండూ కలిపి. విడివిడిగా నిలబడి, కలిపినప్పుడు రీస్టార్ట్ అయితే కరెంటు దారిలోనే లోపం. ప్రాసెసర్ పరీక్షలోనే పడిపోతే ర్యామ్, బయాస్, కూలర్ మళ్లీ చూడాలి. క్యాబినెట్ రీసెట్ బటన్ ఇరుక్కుపోయినా ఇలాగే రీస్టార్ట్ అవుతుంది. బోర్డు మీద ఆ రెండు పిన్నుల వైరు పీకేసి ఒక రోజు నడిపితే తెలిసిపోతుంది.

ఇవన్నీ దాటాక, వేరే మంచి ఎస్‌ఎంపీఎస్‌తో, రెండే స్టిక్కులతో, డిఫాల్ట్ బయాస్‌తో, గోడ కరెంటు మీద, 70 డిగ్రీల దగ్గర కూడా రీస్టార్ట్ అవుతుంటే అప్పుడు మదర్‌బోర్డునో ప్రాసెసర్‌నో అనుమానించాలి. అప్పుడైనా కొనే ముందు బిల్లు వెతకండి. పెట్టెలో సీలుతో కొన్న రైజెన్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది, మీకు ఇంకా ఏడాది మిగిలే ఉంది. బోర్డు వారంటీ కూడా చూసుకోండి. ఇదే బాధ పడుతున్న మిగతా పాఠకుల్లో ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఉన్నవాళ్లు వేరే దారి పట్టాలి. వాటికి అవసరానికి మించిన వోల్టేజి అందుతోందని 2024లో ఇంటెలే ఒప్పుకుని బయాస్ ద్వారా సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. వాళ్లు ముందు బయాస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాత వారంటీ సంగతి చూసుకోవాలి.

ఈలోపు మీ పని ఆగకూడదు. బయాస్‌లో ప్రాసెసర్ లాగే కరెంటును తగ్గించే ఎకో మోడ్ 45 వాట్లు పెట్టుకోండి. రెండర్ కాస్త ఆలస్యమవుతుంది, వేడి బాగా తగ్గుతుంది, యూపీఎస్ మీద బరువూ తగ్గుతుంది. సినిమా మొత్తం ఒకేసారి రెండర్ పెట్టకుండా హల్దీ, ముహూర్తం, రిసెప్షన్ దేనికది విడిగా తీసి చివర్లో కలపండి, మధ్యలో పోయినా పోయేది ఒక ముక్కే. రెండర్లు తెల్లవారుజామున పెట్టండి, గదీ చల్లగా ఉంటుంది, వోల్టేజీ నిలకడగా ఉంటుంది. వారం చూసి మళ్లీ రాయండి. ఆ కాగితం ఫొటో, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఫైల్‌లో చివరి ఇరవై వరుసలు, ఎస్‌ఎంపీఎస్ పక్క స్టిక్కర్ ఫొటో పంపండి.